దోసెడు నీళ్లు చాలు: పాకీ (శుద్ధి), నాపాకీ (అశుద్ధి)పై పాఠకుల సందేహాలు

తహారత్‌కు, అంటే శుద్ధికి సంబంధించి అందిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. తెలుగు ప్రాంతాల ముస్లింలలో ఎక్కువమంది హనఫీ మస్లక్‌ను (ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని) పాటిస్తారు కాబట్టి జవాబులు ఆ ప్రకారమే ఉన్నాయి. హైదరాబాద్ బార్కస్‌లోని అరబ్బు కుటుంబాల మాదిరి షాఫయీ మస్లక్‌లో ఉన్నవాళ్లకు తేడా వచ్చే చోట ఆ సంగతీ చెప్పాం.

ప్రశ్న: అల్లాహ్ నామాల్లో ‘అల్-ఖుద్దూస్’ ఒకటి, పరమ పవిత్రుడు అని చదివాను. అంత పవిత్రుడికి నేను కాళ్లు కడుక్కున్నానా లేదా అన్నదానితో ఏం పని? మనసు శుభ్రంగా ఉంటే చాలదా?
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఆయనకు ఏ పనీ లేదు. మీలో మొదటివాడి నుంచి చివరివాడి దాకా అందరూ పరమ భక్తులైపోయినా నా రాజ్యానికి వీసమెత్తు కలిసి రాదని అల్లాహ్ అన్నట్టు దైవప్రవక్త సహచరుడు అబూ జర్ (రజి) చెప్పిన హదీసు (దైవప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉంది. మనం కడుక్కుంటే ఆయన పవిత్రత పెరగదు, కడుక్కోకపోతే తగ్గదు. వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, పాదాలు కడుక్కోవడం) ఆదేశం వచ్చిన ఖుర్ఆన్ ఆయతు (మాయిదా సూరా, 6) చివర ఆ సంగతే ఉంది: మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని అల్లాహ్ కోరడం లేదు, మిమ్మల్ని శుద్ధి చేయాలని, తన అనుగ్రహం మీపై పూర్తి చేయాలని కోరుతున్నాడు. ఈ లావాదేవీలో లాభమంతా మన వైపే.

ఇక ఆయన పవిత్రత. ‘అల్-ఖుద్దూస్’ అనే నామం ఖుర్ఆన్‌లో హష్ర్ సూరా 23వ ఆయతులోను, జుమా సూరా మొదటి ఆయతులోను వస్తుంది. రెండు చోట్లా ‘అల్-మలిక్’, అంటే రాజు అన్న నామం వెంటే వస్తుంది. దేవుడిలో లోపాలు లేవు అని చెబితే సరిపోతుందనుకుంటాం. ఇస్లాం పండితుడు ఇమాం గజాలీ (మరణం 1111) దానికి ఒప్పుకోరు. ఫలానా చిన్న పని చేసుకునేవాడు కాదు అని చెప్పి ఒక రాజును పొగిడితే అది మర్యాదేనా అని అడుగుతారు. మనం గొప్ప గుణాలుగా ఎంచేవి కూడా మన కొలతలే, దేవుడు ఆ కొలతలకూ పైన ఉన్నాడు అన్నది గజాలీ వివరణ. రుకూలో (నమాజులో వంగినప్పుడు), సజ్దాలో (నుదురు నేలకు ఆనించినప్పుడు) మనం ‘సుబ్‌హాన’ అని మొదలుపెట్టి చెప్పుకునేది దీన్నే. దైవప్రవక్త (స) రుకూ, సజ్దాల్లో ‘సుబ్బూహున్ ఖుద్దూసున్ రబ్బుల్ మలాయికతి వర్రూహ్’ (పరమ పవిత్రుడు, దేవదూతలకు, రూహ్‌కు ప్రభువు) అని కూడా పలికేవారని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. విత్ర్ అనే రాత్రి నమాజును ముగించే సలాం తర్వాత ‘సుబ్‌హానల్ మలికిల్ ఖుద్దూస్’ అని మూడుసార్లు అనడం సున్నత్ (దైవప్రవక్త ఆచరణ). మన మసీదుల్లో చాలామంది ఇది వదిలేసి లేచిపోతారు.

అల్లాహ్‌కు పవిత్రత స్వతహాగా ఉన్నది. మిగతావాటికి ఆయన ఇస్తే వచ్చింది. తువా లోయలో మూసా (మోషే, అలై) చెప్పులు విప్పింది లోయ మట్టిలో ఏదో మహిమ ఉందని కాదు, అల్లాహ్ విప్పమన్నాడు గనుక. కాబాలోని నల్లరాతిని ముద్దాడుతూ హజ్రత్ ఉమర్ (రజి) అన్న మాట బుఖారీ హదీసు సంకలనంలో ఉంది: నువ్వు రాయివని నాకు తెలుసు, నష్టమూ చేయలేవు, లాభమూ చేయలేవు, దైవప్రవక్త ముద్దాడగా చూడకపోతే నేను నిన్ను ముద్దాడేవాణ్ణి కాదు.

మనసు సంగతి కూడా అడిగారు. శుద్ధికి నాలుగు మెట్లున్నాయంటారు గజాలీ. ఒంటిని మలినం నుంచి, అవయవాలను పాపం నుంచి, గుండెను చెడు గుణాల నుంచి, అంతరంగాన్ని అల్లాహ్ తప్ప మిగతా వాటన్నిటి నుంచి శుద్ధి చేసుకోవడం. మొదటి మెట్టు మీదే జీవితమంతా కూర్చుండిపోయేవాళ్ల మీద ఆయన చాలా కోపంగా రాశారు. అలాగని ఆ మెట్టు ఎక్కనక్కర్లేదని మాత్రం అనలేదు. శుద్ధి లేనిదే నమాజు స్వీకారం కాదన్నది సహీహ్ (ప్రామాణిక) హదీసు.

ప్రశ్న: వుజూలో తప్పనిసరిగా కడగాల్సినవి ఏవి? పొరపాట్లు సాధారణంగా ఎక్కడ జరుగుతాయి?
– నంద్యాల

జవాబు: హనఫీలో ఫర్జ్ (తప్పనిసరి) నాలుగు. ముఖం: నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింద దాకా, ఒక చెవి తమ్మె నుంచి రెండో తమ్మె దాకా. రెండు చేతులు మోచేతులతో సహా. తలలో నాలుగో వంతుకు తడిచేత్తో మసహ్ (తుడవడం). రెండు పాదాలు చీలమండలతో సహా. షాఫయీలో సంకల్పం, వరస కూడా ఫర్జ్ కాబట్టి మొత్తం ఆరు. అక్కడ తలమీద కొద్ది భాగం తడిపినా మసహ్ అయిపోతుంది. పుక్కిలించడం, ముక్కులో నీళ్లు వేసుకోవడం, ప్రతి అవయవాన్ని మూడేసి సార్లు కడగడం, చెవుల మసహ్ సున్నత్‌లు.

తప్పు దొర్లే చోట్లు చాలావరకు అందరికీ ఒకటే. మొదటిది మడమ. కుళాయి కింద పాదం చాపితే నీళ్లు పాదం పైనుంచి వేళ్ల మీదుగా జారిపోతాయి, మడమ వెనక, చీలమండ ఎముక కింది గుంట పొడిగా మిగిలిపోతాయి. ఎండాకాలం మడమలు పగిలినవాళ్లకు పగుళ్ల లోపలికి నీరు వెళ్లదు. ఒక ప్రయాణంలో సహచరులు అస్ర్ (సాయంత్రపు నమాజు) వేళ హడావిడిగా వుజూ చేస్తుంటే దైవప్రవక్త (స) గట్టిగా హెచ్చరించింది ఈ మడమల గురించే. ఎడమచేత్తో మడమను రుద్దుతూ కడిగితే సరి. చిటికెన వేలిని కాలివేళ్ల సందుల్లో తిప్పాలి.

రెండోది మోచెయ్యి. చొక్కా చేతులు సగం మడిచి వుజూ చేసేవాళ్లకు మోచేతి కొన తడవదు. చలికాలం స్వెట్టరు వేసుకున్నప్పుడు ఇది మరీ ఎక్కువ. చేతులు మోచేతికి నాలుగు వేళ్లు పైకి మడుచుకోండి.

మూడోది గోళ్లు, వేళ్లు. గోరింటాకు రంగు మాత్రమే, పొర కట్టదు కాబట్టి వుజూ అవుతుంది. నెయిల్ పాలిష్ పొర కడుతుంది, అది తీయనిదే వుజూ గానీ గుస్ల్ (పూర్తి స్నానం) గానీ కాదు. గోరింటాకు ముద్ద ఎండి గోటి అంచున అంటుకుని ఉంటే దాన్ని మాత్రం గీకేయాలి. పెయింటు పని, టైల్స్ పని చేసేవాళ్ల చేతులమీద ఎండిన రంగు, సిమెంటు, ఫెవికాల్ లాంటి జిగురు కూడా పొరే. వీలైనంత తీయాలి, చర్మం ఊడొచ్చేలా రక్కక్కర్లేదు. నూనె, వాజెలిన్ రాసుకున్న చర్మం మీద నీరు పూసలు కట్టినా ఫరవాలేదు, నీరు తగిలితే చాలు. బిగుతైన ఉంగరాన్ని తిప్పాలి.

గడ్డం ఒత్తుగా ఉంటే పైపైన కడిగితే సరిపోతుంది. చర్మం కనపడేంత పలచగా ఉంటే చర్మం తడవాలి.

వుజూ అయ్యాక గోరంత చోటు పొడిగా కనిపించిందనుకోండి. హనఫీలో ఆ చోటు ఒక్కటి కడిగితే చాలు, మొదటినుంచి చేయనక్కర్లేదు. షాఫయీలో ఆ చోటూ, వరసలో దాని తర్వాత వచ్చేవీ కడగాలి. ఆ పొడిచోటుతోనే నమాజు చదివేసి ఉంటే మాత్రం తిరిగి చదవాలి.

ప్రశ్న: మా మసీదు వుజూఖానాలో ఒక్కొక్కరు కుళాయి పూర్తిగా తిప్పి అయిదు నిమిషాలు వదిలేస్తారు. ఎన్ని నీళ్లు వాడాలో లెక్క ఉందా?
– మహబూబ్‌నగర్

జవాబు: ఉంది. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీళ్లతో వుజూ, ఒక సాఅ నుంచి అయిదు ముద్ద్‌ల దాకా నీళ్లతో గుస్ల్ చేసేవారని బుఖారీ, ముస్లిం రెండింటిలో ఉంది. ముద్ద్ అంటే మామూలు మనిషి రెండు చేతులూ కలిపి పట్టే దోసెడు. ఈనాటి కొలతలో 600 నుంచి 700 మిల్లీలీటర్లు అని ఎక్కువమంది లెక్క. హనఫీ లెక్క కాస్త పెద్దది, దాదాపు లీటరు. నాలుగు ముద్ద్‌లు ఒక సాఅ. అంటే వుజూకి ఒక నీళ్ల సీసా, గుస్ల్‌కి ఒక చిన్న బకెట్టులో సగం.

నమ్మకం లేకపోతే ఒక లీటరు సీసాతో చేసి చూడండి. మూతకు మేకుతో నాలుగు చిల్లులు పెట్టండి. చేతులకు ఒక పుడిసెడు. నోటికి, ముక్కుకు కలిపి ఒక పుడిసెడు (ఒకే పుడిసెడుతో రెండూ చేయడం హదీసులో ఉంది). ముఖానికి రెండు. ఒక్కో చేతికి ఒకటిన్నర, నీళ్లు పోసిన వెంటనే రెండో చేత్తో మోచేతి దాకా లాక్కుంటూ పోవాలి. తలకు, చెవులకు తడిచేయి చాలు. ఒక్కో పాదానికి రెండు, రుద్దుతూ. పదకొండు పన్నెండు పుడిసిళ్లలో ఒక్కో అవయవం ఒక్కోసారి చొప్పున వుజూ పూర్తవుతుంది, సీసాలో ఇంకా కొంచెం మిగులుతుంది. ఒక్కోసారే కడగడం కూడా దైవప్రవక్త (స) చేసినదే. మూడుకు మించి కడిగినవాడు హద్దు దాటాడని, అన్యాయం చేశాడని అబూ దావూద్, నసాయీ హదీసు సంకలనాల్లో ఉంది.

మసీదు కమిటీలకు ఒక మాట. కుళాయిని ‘తక్కువ తిప్పండి’ అని బోర్డు పెడితే ఎవరూ చదవరు. గొట్టానికి వచ్చే వాల్వును పావు వంతుకు బిగించేయండి. మసహ్ చేసేటప్పుడు కుళాయి కట్టమని ఇమాం గారు జుమాలో ఒక్కమాట చెబితే ఇంకా నయం. ఎక్కువ నీళ్లు వృథా అయ్యేది ఆ అర నిమిషంలోనే.

ప్రశ్న: మా చెల్లెలు వుజూకే ముప్పావు గంట తీసుకుంటుంది. పూర్తయ్యాక మళ్లీ అనుమానం, మళ్లీ మొదలు. ఇస్తింజాకు (మలమూత్రాల తర్వాత కడుక్కోవడానికి) వెళ్తే గంట. చేతులు పగిలిపోయాయి. నమాజు వేళ దాటిపోతోందని ఏడుస్తుంది. భక్తి ఎక్కువై ఇలా అవుతుందా?
– కర్నూలు

జవాబు: దీన్ని భక్తి అనకండి. దీని పేరు వస్‌వసా, అంటే పదేపదే వేధించే అనుమానం. షరియత్‌లో దీనికి సూటిగా నియమముంది: ఖచ్చితంగా తెలిసినదాన్ని అనుమానం కొట్టేయలేదు. వుజూ చేసినట్టు తెలుసు, పోయిందేమోనని అనుమానం. అయితే వుజూ ఉన్నట్టే. నమాజులో కడుపులో ఏదో కదిలినట్టు అనిపిస్తుందని ఒకరు మొరపెట్టుకుంటే, శబ్దం వినేదాకా లేదా వాసన తెలిసేదాకా నమాజు వదలొద్దని దైవప్రవక్త (స) చెప్పారు. కడిగేటప్పుడే ఒక అవయవం గురించి అనుమానం వస్తే, జీవితంలో మొదటిసారి వచ్చినవాళ్లు ఆ అవయవాన్ని కడుక్కోవాలి. తరచూ వచ్చేవాళ్లు పట్టించుకోకూడదు. వుజూ ముగిశాక వచ్చే అనుమానానికి ఎవరి విషయంలోనూ విలువ లేదు.

ఇంట్లో ఇలా చేయండి. కుళాయి దగ్గరకు పంపొద్దు. లీటరు చెంబు ఒకటి కొలిచి ఇవ్వండి, అవి అయిపోతే వుజూ అయిపోయినట్టే. ఇస్తింజా తర్వాత లోబట్ట మీద కొన్ని నీళ్లు చిలకరించుకోమనండి. తర్వాత తడి కనిపిస్తే అది ఆ నీళ్లదే అనుకోవాలి. ఈ ఉపాయం హదీసులోనే ఉంది. ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘అయిందా, సరిగ్గా కడిగానా, చూడు’ అని అడిగినప్పుడల్లా ‘అయింది అయింది’ అని ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం పది నిమిషాలు పనిచేసి, అనుమానాన్ని ఇంకాస్త బలపరుస్తుంది. ఒకసారి చెప్పి ఊరుకోండి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే సలహాలతో తగ్గే స్థాయి దాటింది. చేతులు పగలడం, గంటలు పట్టడం ఓసీడీ అనే జబ్బు లక్షణాలు. మానసిక వైద్యుడికి చూపించండి. దీనికి మందులున్నాయి, అనుమానం వచ్చినా కడగకుండా ఆగడం మెల్లగా అలవాటు చేసే చికిత్స ఉంది. తావీజులు కట్టించి ఏళ్లు గడపొద్దు. వైద్యుడు ‘ఈ వారం ఒక్కసారే కడగాలి’ అంటే దాన్ని పాటించడం పాపం కాదు, ఆమె విషయంలో షరియత్ చెప్పేది కూడా అదే.

ప్రశ్న: పసిపిల్లల మూత్రం అంటిన బట్టల్ని మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేస్తే అన్నీ నాపాక్ అవుతాయా?
– గృహిణి, వరంగల్

జవాబు: కంటికి కనిపించని నజాసత్‌కు (మలినానికి) హనఫీలో పద్ధతి: కొత్త నీళ్లతో మూడుసార్లు తడిపి, మూడుసార్లూ పిండాలి. ఫుల్ ఆటోమేటిక్ మెషీన్ సబ్బునీళ్లు పారబోసి స్పిన్ చేస్తుంది, మళ్లీ కొత్త నీళ్లు తీసుకుంటుంది. మొత్తం ఎన్నిసార్లు కొత్త నీళ్లు తీసుకుంటుందో ఒకసారి పక్కన నిలబడి చూడండి. రెండేసార్లయితే ‘ఎక్స్‌ట్రా రిన్స్’ నొక్కితే మూడవుతుంది. బట్టలన్నీ పాక్.

చిక్కంతా సెమీ ఆటోమేటిక్‌తోనే. ఒకే సబ్బునీళ్లలో నాలుగు దఫాల బట్టలు తిప్పి, నేరుగా డ్రయర్‌లో వేస్తారు. అందులో పాక్ బట్ట కూడా నాపాక్ అయి బయటికొస్తుంది. డ్రయర్‌లో వేసేముందు బకెట్టులో కుళాయి వదిలి నీళ్లు పొంగిపోయేలా జాడించండి. అన్నిటికన్నా సులువు, మూత్రం అంటిన చోటు వరకు ముందే కుళాయి కింద పట్టి పిండేయడం. నీళ్లు ధారగా పోసి కడిగితే మూడు లెక్క కూడా అక్కర్లేదు, నజాసత్ పోయిందని మనసుకు గట్టిగా అనిపిస్తే చాలు.

మగబిడ్డ మూత్రం పాక్ అని కొందరు అంటుంటారు, సరికాదు. అన్నం తినని మగబిడ్డ మూత్రం పడితే షాఫయీలో నీళ్లు చిలకరిస్తే చాలు. హనఫీలో ఆడబిడ్డదైనా మగబిడ్డదైనా కడగాల్సిందే. రక్తం లాంటివి కడిగాక మరక మిగిలితే బెంగ వద్దు. నీళ్లు చాలు, మరక నీకేమీ చేయదు అని దైవప్రవక్త (స) ఖౌలా బిన్తె యసార్ (రజి)తో అన్నారు. బ్లీచింగ్ పెట్టి బట్ట చించుకోవాల్సిన పనిలేదు.

తెలియకుండా కొంచెం అంటి ఉండి నమాజు చదివితే? మూత్రం, రక్తం లాంటి గాఢ నజాసత్ అరచేతి గుంటలో నీళ్లు నిలిచేంత వైశాల్యం మించకపోతే నమాజు అవుతుంది. తెలిసి వదిలేయడం మక్రూహ్ (ఇష్టం కాని పని). మించితే తిరిగి చదవాలి.

ప్రశ్న: నేను హిందూ కుటుంబం నుంచి వచ్చి ముస్లిం ఇంటికి కోడలినయ్యాను. పుట్టింట్లో నెలసరికి మూడు రోజులు మైల, విడిగా కూర్చోబెట్టేవారు. ఇక్కడ అత్తగారు కూడా వంటింట్లోకి రావొద్దంటారు. ఇది ఇస్లాంలో ఉందా?
– గుంటూరు జిల్లా

జవాబు: లేదు. మదీనాలోని యూదులు బహిష్టు అయిన స్త్రీతో కలిసి తినేవారు కాదు, ఒకే ఇంట్లో ఉండేవారు కాదు. దాని గురించి అడిగినప్పుడు బఖరా సూరా 222వ ఆయతు వచ్చింది, సంభోగం ఒక్కటి తప్ప అన్నీ చేయొచ్చని దైవప్రవక్త (స) వివరించారు. ఆ రోజుల్లోనే ఆయిషా (రజి) ఆయన తల దువ్వేవారు. ఆమె తాగిన గిన్నెలో ఆమె పెదవి ఆనిన చోటే ఆయన పెదవి ఆనించి తాగేవారు. మసీదులోంచి చాప అందించమంటే ‘నేను బహిష్టులో ఉన్నాను’ అన్నారు ఆయిషా. ‘నీ బహిష్టు నీ చేతిలో లేదు కదా’ అన్నారాయన. మీ అత్తగారికి ఈ హదీసులు చదివి వినిపించండి, మర్యాదగానే. ఆమె పాటిస్తున్నది ఊరి అలవాటు.

ఇస్లాంలో నాపాకీ ఆరాధనకు అడ్డుపడే ఒక స్థితి మాత్రమే. మనిషి అంటరానివాడు కాడు. స్నానం చేయాల్సిన స్థితిలో ఉన్నానని అబూ హురైరా (రజి) తప్పుకుని వెళ్లిపోతే, ‘విశ్వాసి నజిస్ (మలినం) కాడు’ అన్నారు దైవప్రవక్త. ఈ రోజుల్లో మీకు లేనివి: నమాజు, ఉపవాసం, ఖుర్ఆన్ ముట్టడం, పారాయణం, మసీదులో ఉండడం, తవాఫ్ (కాబా ప్రదక్షిణ), సంభోగం. దువాలు (ప్రార్థనలు), దరూద్ (దైవప్రవక్తకు దీవెనలు), జిక్ర్ (దైవస్మరణ) చేసుకోవచ్చు. వదిలిన నమాజులు తిరిగి చదవక్కర్లేదు, ఉపవాసాలు మాత్రం తర్వాత పూర్తి చేయాలి.

హనఫీలో కనీసం మూడు రోజులు, గరిష్ఠం పది. షాఫయీలో ఒక పగలూ రాత్రి నుంచి పదిహేను దాకా. ఆ హద్దులు దాటిన రక్తం ఇస్తిహాజా (నెలసరి కాని రక్తస్రావం), అందులో నమాజు మానకూడదు. ఆగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? మదీనా స్త్రీలు పసుపు మరక ఉన్న దూదిని డబ్బీలో పెట్టి ఆయిషాకు పంపేవారు, తెల్లటిది కనిపించేదాకా తొందరపడొద్దని ఆమె చెప్పి పంపేవారు. ఈ రోజుకీ పద్ధతి అదే.

ఎక్కువమంది పొరపాటు పడేది ముగింపు దగ్గర. సాయంత్రం ఆగిపోతుంది, పొద్దున తలస్నానం చేద్దాంలే అనుకుంటారు. మగ్రిబ్, ఇషా నమాజులు పోతాయి. వేళ ముగిసేలోగా గుస్ల్ చేసి ‘అల్లాహు అక్బర్’ అనేంత సమయం మిగిలి ఉన్నా ఆ నమాజు మీ మీద పడుతుంది. జడ విప్పాల్సిన పనిలేదు, కుదుళ్లు తడిస్తే చాలు. నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు వేసుకోవడం మాత్రం హనఫీ గుస్ల్‌లో ఫర్జ్, అవి మరిస్తే ఎన్ని బకెట్లు పోసుకున్నా గుస్ల్ కాదు. కాన్పు తర్వాత కూడా ఇదే గొడవ: చిల్లా అని నలభై రోజులు లెక్కపెడతారు. హనఫీలో నలభై గరిష్ఠ హద్దు. ఇరవయ్యో రోజు ఆగిపోతే ఇరవయ్యో రోజే గుస్ల్, నమాజు.

ప్రశ్న: మసీదు హౌజ్‌లో (నీళ్ల తొట్టిలో) పావురాల రెట్టలు పడుతుంటాయి. ఆ నీళ్లతో వుజూ అవుతుందా? ఇంటి మీది ట్యాంకులో ఎలుక చచ్చి ఉంటే?
– హైదరాబాద్ పాతబస్తీ

జవాబు: పావురం, పిచ్చుకల రెట్ట హనఫీలో నాపాక్ కాదు. కోడి, బాతులది నాపాక్. పైగా మక్కా మసీదులో ఉన్నంత హౌజ్ పెద్ద నీళ్ల కింద లెక్క. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు, అంటే సుమారు 15 అడుగులకు 15 అడుగులు ఉండి, దోసిట నీళ్లు తీస్తే అడుగు బయటపడనంత లోతుంటే, రంగు గానీ రుచి గానీ వాసన గానీ మారేదాకా అది పాకే. షాఫయీలో వైశాల్యం కాక పరిమాణం చూస్తారు, రెండు ఖుల్లాలు (పెద్ద కుండలు), దాదాపు 200 లీటర్లు.

ఇంటి ట్యాంకు హనఫీ లెక్కలో చిన్న నీళ్లు. ఎలుక చస్తే నాపాక్. ఎలుకను తీసేసి, నీళ్లన్నీ వదిలేసి, లోపల కడగాలి. లేదంటే మోటారు వేసి పైనుంచి నీళ్లు పడుతూ కిందినుంచి లేదా ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతూ ఉండేలా వదిలితే పారే నీటి కింద లెక్క, వాసన పోయాక పాక్. ఎప్పుడు పడిందో తెలియకపోతే? ఉబ్బకుండా ఉంటే ఒక రోజు, ఉబ్బి చివికి ఉంటే మూడు రోజుల నమాజులు తిరిగి చదవాలని ఇమాం అబూ హనీఫా అభిప్రాయం. చూసిన క్షణం నుంచే లెక్క అని ఆయన శిష్యులిద్దరి మాట. దోమలు, ఈగలు, చీమలు పడితే నీరు చెడదు. మూత పెట్టండి, సగం ప్రశ్నలు రావు.

వరద రోజుల్లో ఎర్రగా వచ్చే కృష్ణ, గోదావరి నీళ్లతోను, సముద్రపు నీళ్లతోను, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లతోను వుజూ అవుతుంది.

ప్రశ్న: కొత్త ఇల్లు కడుతున్నాం. మరుగుదొడ్డి సీటు ఏ దిక్కుగా ఉండాలి?
– ఖమ్మం

జవాబు: మనకు ఖిబ్లా (నమాజులో ముఖం పెట్టే కాబా దిక్కు) పడమర, కాస్త ఉత్తరానికి. కాబట్టి కూర్చున్నవాళ్ల ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. హనఫీలో నాలుగు గోడల మధ్య కూడా ఖిబ్లాకు ముఖం గానీ వీపు గానీ పెట్టరాదు, షాఫయీలో గోడలుంటే సడలింపుంది. ఇప్పటికే బిగించేసి ఉంటే పగలగొట్టలేకపోతే కొంచెం పక్కకు తిరిగి కూర్చోండి. సిరియా వెళ్లినప్పుడు అబూ అయ్యూబ్ (రజి) చేసింది అదే.

ప్రశ్న: నాన్నగారికి మూత్రానికి గొట్టం వేశారు, సంచి ఎప్పుడూ తగిలించే ఉంటుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్. నమాజు ఎలా?
– విజయవాడ

జవాబు: ఆయన మాజూర్, అంటే మినహాయింపు ఉన్నవారు. ఒక పూర్తి నమాజు వేళలో వుజూ చేసి ఫర్జ్ చదివేంత ఎడం కూడా దొరకకపోతే ఈ హోదా వస్తుంది. తర్వాత ప్రతి వేళలో ఒక్కసారైనా ఆ ఇబ్బంది ఉన్నంతకాలం కొనసాగుతుంది. వేళ వచ్చాక ఒక వుజూ చేసుకుంటే ఆ వేళ ముగిసేదాకా ఎన్ని నమాజులైనా చదవొచ్చు, ఖుర్ఆన్ ముట్టొచ్చు. గొట్టంలో మూత్రం కారుతున్నా ఆ వుజూ పోదు. వేళ దాటితే పోతుంది. సంచి ఒంటికి తగిలి ఉండడం క్షమార్హం. నమాజుకు ముందు ఖాళీ చేస్తే మంచిది. కారుతుందన్న భయముంటే మసీదుకు తీసుకెళ్లొద్దు.

డయాలసిస్‌లో రక్తం బయటికి తీస్తారు కాబట్టి హనఫీలో వుజూ పోతుంది, షాఫయీలో పోదు. నాలుగు గంటలు పడుతుంది కాబట్టి జుహర్ (మధ్యాహ్నపు నమాజు) చదివి మొదలుపెట్టేలా వేళ అడగండి. సూది గుచ్చిన చోట పట్టీ ఉంటే తడపకుండా దానిమీద మసహ్ చేయాలి. దీనికి గడువు లేదు, పట్టీ మార్చినా మళ్లీ మసహ్ అక్కర్లేదు. షుగరు చూసుకోవడానికి వేలిమీద తీసిన చుక్క పూసలా నిలబడితే వుజూ ఉంటుంది, కారేంత అయితే పోతుంది.

ప్రశ్న: రైల్లో సీటు మీద చేతులు కొట్టి తయమ్ముమ్ (నీళ్లు లేనప్పుడు మట్టితో చేసే శుద్ధి) చేస్తుంటారు. చెల్లుతుందా?
– సికింద్రాబాద్

జవాబు: పెట్టెలో నీళ్లున్నంతసేపు చెల్లదు. మరుగుదొడ్డి కుళాయిలో వచ్చాయి గనుక నాపాక్ అనుకుంటారు, అవి ట్యాంకులోంచి వచ్చే మామూలు నీళ్లే. వాష్‌బేసిన్ వాడొచ్చు, పైన చెప్పిన లీటరు సీసా ఇంకా నయం. పెట్టెలో నీళ్లు నిజంగా అయిపోయి, వేళ ముగిసేలోగా స్టేషను వచ్చే ఆశ కూడా లేనప్పుడే తయమ్ముమ్.

అది కూడా మట్టి జాతి వస్తువు మీదే: మట్టి, ఇసుక, రాయి, ఇటుక, పూత లేని మట్టిపాత్ర. రెక్సిన్ సీటు, ఇనుప కడ్డీ పనికిరావు, చేయి వేస్తే గీత పడేంత దుమ్ము ఉంటే తప్ప. సంచిలో చిన్న ఇటుక ముక్క వేసుకుంటే సరిపోతుంది. సంకల్పం చేసుకుని రెండు చేతులూ దానికి తట్టి, దులిపి, ముఖమంతా ఒకసారి. మళ్లీ తట్టి, చేతులు మోచేతులతో సహా. ఉంగరం తీయాలి. నీళ్లు దొరికి, వాడే వీలున్న క్షణాన తయమ్ముమ్ పోతుంది.

ప్రశ్న: బ్యాంకులో పడిన వడ్డీ డబ్బుతో మసీదు వుజూఖానా కట్టించొచ్చా? ఎలాగూ కడుక్కునే చోటే కదా అంటున్నారు.
– చిత్తూరు

జవాబు: ఆ తర్కం చాలా ఊళ్లలో వినిపిస్తుంది. వద్దు. శుద్ధి లేని నమాజు, దొంగసొమ్ముతో ఇచ్చిన దానం రెండూ స్వీకారం కావని ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన హదీసులో ఒకే వాక్యంలో ఉంది. అల్లాహ్ పవిత్రుడు, పవిత్రమైనదాన్నే స్వీకరిస్తాడు అన్న మరో హదీసులో దూరప్రయాణం చేసి, దుమ్ముకొట్టుకుపోయి, చేతులెత్తి ‘ప్రభూ ప్రభూ’ అని వేడుకునే మనిషి ఉన్నాడు. తిండి, గుడ్డ హరాం కాబట్టి అతని మొర వినబడదు. వుజూ సరిగ్గా చేశాడా లేదా అన్న ప్రసక్తే అక్కడ రాలేదు.

ఆ డబ్బును పుణ్యం ఆశించకుండా పేదవాళ్లకు ఇచ్చేయండి, మతం చూడక్కర్లేదు. దానితో మీ కరెంటు బిల్లు, పన్ను కట్టుకోవద్దు, మసీదుకు పెట్టొద్దు. బజారులో అందరూ వాడే మరుగుదొడ్ల లాంటి వాటికి ఇవ్వొచ్చని కొందరు ఉలమా (పండితులు) అంటారు, ఎక్కువమంది పేదవాడి చేతికే ఇవ్వమంటారు. ఏడాదికొకసారి పాస్‌బుక్ ముందు పెట్టుకుని వడ్డీ అని పడిన అంకెలన్నీ కూడి, ఆ మొత్తం పైసలతో సహా తీసి పక్కన పెట్టండి. వ్యాపారం ఉన్నవాళ్లు బ్యాంకులో వడ్డీ పడని కరెంట్ అకౌంటుకు మారితే ఈ లెక్కే ఉండదు.